సిస్టరమ్మ రోజూ పలికిన పేరు

పోయిన గురువారం పొద్దున నేను బడికి బయలుదేరుతుండగా ఫోను మోగింది. ఎత్తితే ముందు మాట వినిపించలేదు, ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. మాట కంటే ముందు వచ్చే ఊపిరంటే నాకు పాతికేళ్లుగా భయం. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. ఫోను చేసింది సిస్టరమ్మ వాళ్ల అక్క కూతురు. "అన్నా, చిన్నమ్మ పొయ్యింది. పొద్దుగాల చాయ్ తీస్కపోయి లేపితే లెవ్వలే" అంది. ప్రగతి నగర్ నుంచి బాచుపల్లికి స్కూటరు మీద పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ నాకు ఏడుపు రాలేదు. రేపు పొద్దున ఆ పేరు ఎవరు పలుకుతారు అన్న ఒక్క ఆలోచనే వెంటాడింది.

సిస్టరమ్మ నాకు చుట్టం కాదు, మా చర్చి సంఘం మనిషీ కాదు. తొంభైల చివర్లో, మాదాపూర్‌లో బండలు పేల్చి బిల్డింగులు లేపుతున్న రోజుల్లో, మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేశాం. అంతకుముందు ఆవిడ మెదక్ వైపు ఒక మిషన్ దవాఖానాలో ఇరవై ఏళ్లకు పైగా నర్సు. దొరసాని డాక్టర్ల పక్కన నిలబడి పనిచేసిన మనిషి కాబట్టి తెల్లవాళ్ల ఇంగ్లీషు ఆవిడకు మంచినీళ్ల ప్రాయం. అందుకే మా కంపెనీ వెతికి మరీ తెచ్చుకుంది. మేనేజరు దగ్గర్నుంచి వ్యాను డ్రైవరు దాకా అందరికీ ఆవిడ సిస్టరమ్మే.

మేం చేసే పని ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. అమెరికాలో డాక్టర్లు తమ పేషెంట్ల గురించి గబగబా చెప్పిన మాటల్ని విని టైపు చేయడమే మా ఉద్యోగం. వాళ్లు పగలంతా చెప్పింది మాకు తెల్లవారేసరికి కంప్యూటర్లలోకి వచ్చి పడేది. ఆరింటికల్లా చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడలు. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు, పక్కకు నొక్కితే ముందుకు పరిగెత్తుతాడు. మా అమ్మ కుట్టుమిషను తొక్కినట్టే ఉండేది. మధ్యాహ్నం పన్నెండు దాటాక బయట ఈల మోగేది. ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని ఆటోల్ని ఆపేవాడు. ఆ వెంటనే బండ పేలేది, అద్దాలు గలగలమనేవి, కీబోర్డు మీద సన్నటి దుమ్ము దిగేది. చెవిలో డాక్టరు మాత్రం ఎవరి గుండె ఎన్నింటికి ఆగిందో అదే గొంతుతో చెప్పుకుంటూ పోయేవాడు.

మేం టైపు చేసిన వాటిలో పదింటికొకటి సిస్టరమ్మ మళ్లీ విని సరిచూసేది. ఆవిడకొక అలవాటుండేది. రిపోర్టు చివర్లో పేషెంటు చనిపోయినట్టు వస్తే పెడలు మీంచి కాలు తీసి కళ్లు మూసుకునేది. ఒక ఊపిరి పీల్చి వదిలినంత సేపు, అంతే. మా కుర్రమూక దానికి "సిగ్నల్ పడింది" అని పేరు పెట్టింది. రోజుకు ఎన్ని సిగ్నళ్లో లెక్కపెట్టి నవ్వుకునేవాళ్లం. సిగ్గుపడాల్సిన విషయమే, కానీ ఇరవై మూడేళ్ల వయసులో చావు అనేది మాకు టైపు చేయాల్సిన ఒక మాట మాత్రమే. ఒకసారి మేనేజరు, ఇలా ఆగుతూ పోతే పని ఎలా సాగుతుందమ్మా అని విసుక్కున్నాడు. సిస్టరమ్మ నెమ్మదిగా, "చెవుల పడ్డ పేరుకు మనం జవాబు జెప్పాలె సార్" అని మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆయనకది అర్థమైందో లేదో, ఇంకెప్పుడూ అడగలేదు.

నేను పల్నాడు వైపు నుంచి వచ్చినవాణ్ని. నాన్న బడిపంతులు, ఆదివారం మందిరంలో బైబిలు వాక్యం చెప్పేవాడు. ఈ ఉద్యోగం కోసం అమ్మ నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేసింది. వచ్చాక నాన్న మందిరంలో నిలబడి, మావాడికి హైదరాబాదులో కంప్యూటర్ కంపెనీలో పని దొరికింది, దేవునికి స్తోత్రం అని సాక్ష్యం చెప్పాడు. సాక్ష్యమంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను, నలుగురిలో లేచి దేవుడు తనకేం చేశాడో చెప్పడం. ఒకసారి చెప్పాక అది మీ ఒక్కరి మాట కాదు, సంఘమంతటి మాట అయిపోతుంది. నేనూ తక్కువ తినలేదు. నా మానిటరు నెత్తిన బలమిచ్చే వాక్యమొకటి రంగు అక్షరాల్లో అంటించుకున్నాను. సిస్టరమ్మ అది చూసి, "వాక్యం మీద మంచిగనే పెట్టినవ్ బిడ్డా. కింద కాలి కాడ గూడ ఒకటి పెట్టు, పాపం చేసేది గదే" అని నవ్వింది. నేనూ నవ్వాను.

తప్పు నా కాలితోనే జరిగింది.

ప్రతి డాక్టరుకూ మామూలుగా వాడే పేరా ఒకటి ఉండేది. పేషెంటుకు పాత జబ్బుల్లేవు, పడని మందుల్లేవు, అలవాట్లేమీ లేవు అని. డాక్టరు "నా మామూలు పేరా" అంటే మేం రెండు మీటలు నొక్కితే చాలు, అదంతా వచ్చి కూర్చునేది. ఆ తర్వాత డాక్టరు ఏం చెప్పినా అందులో ఉన్నదే అనుకుని పెడలు పక్కకు నొక్కి ముందుకు పరిగెత్తించేవాళ్లం. అలా చేయొద్దని శిక్షణలో చెప్పారు. అందరం చేసేవాళ్లం. ఒక మంగళవారం అలాగే చేశాను. ముప్ఫై నాలుగేళ్ల ఆవిడ. గురువారం ఆపరేషను. రిపోర్టు ఆ సాయంత్రమే వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున పది దాటాక సిస్టరమ్మ నన్ను పిలిచి తన హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టింది. డాక్టరు "నా మామూలు పేరా" అన్నాడు. ఆగాడు. ఒక ఊపిరి తీసుకున్నాడు. ఆ తర్వాత, అయితే ఈమెకు ఫలానా మందు పడదు, ఒకసారి ఇస్తే ప్రాణం మీదికి వచ్చింది, చూసుకోండి అన్నాడు. తెర మీద మాత్రం నేను దింపిన పేరా ఉంది, పడని మందుల్లేవని. ఆ ఊపిరి దగ్గర నేను పెడలు పక్కకు నొక్కాను. ఒక్క క్షణం ఓపిక పట్టి ఉంటే వినేవాణ్ని.

ఆవిడ నన్ను మేనేజరు దగ్గరికి తీసుకెళ్లలేదు, మెట్ల మీదికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. నా నోట మొదట వచ్చిన మాట, సంతకం పెట్టేముందు డాక్టరు చదువుకుంటాడు కదండీ అని. రెండో మాట, గురువారం అయిపోయింది కదండీ, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని. "ఆపరేషన్ అయినంక గూడ నాలుగు దినాలు సూదులిస్తరు" అంది ఆవిడ. నర్సు కదా, ఆవిడకు తెలుసు. ఇక మూడో మాట. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. రేపు నన్ను పర్మనెంటు చేస్తున్నారండి, సోమవారం చెబుదాం అన్నాను. మా నాన్న మందిరంలో సాక్ష్యం చెప్పాడండీ, ఉద్యోగం పోతే దేవుడి పేరు పోతుంది అని కూడా అన్నాను. ఎక్కడో ఒక ఆడమనిషి మంచం మీద ఉండగా నేను దేవుడి పరువు గురించి బేరమాడాను.

సిస్టరమ్మకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని తన సంగతి చెప్పింది. దవాఖానాలో చేరిన కొత్తలో ఒక రైతు కాలికి నాగలి కర్రు దిగి వచ్చాడట. సూది వేసేముందు చర్మం మీద చుక్క మందు వేసి పడుతుందో లేదో చూడాలి. ఆ రోజు లైను పొడుగ్గా ఉందని చూడకుండా వేసేసింది. ఆ మనిషి బల్ల దిగకుండానే పోయాడు. డాక్టరమ్మ అడిగితే, చుక్క వేసి చూశానని చెప్పింది. ఆ ఆదివారం మందిరంలో అందరితో కలిసి పాటలు పాడింది. పదకొండేళ్లు అలాగే పాడింది.

"పదకొండేండ్లకు వాళ్ల ఊరికి పోయి ఆయన పెండ్లానికి చెప్పిన. ఆమె తిట్టలే, కొట్టలే. లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ నీళ్లు ఇప్పటిదాంక నా గొంతు దిగలే బిడ్డా."

దేవుడు క్షమించలేదా సిస్టరమ్మా అని అడిగాను. నాకు తెలిసిన జవాబు చెబుతుందనుకున్నాను.

"క్షమించిండు. చెప్పినంక బరువు పోతదనుకున్న, పోలే. మొయ్యనీకి భుజమిచ్చిండు, అంతే. బరువు తీసేస్తనని నాకెన్నడు చెప్పలే ఆయన."

ఆ మాట తర్వాత నేను లేచాను. ధైర్యం వచ్చి లేచానని చెప్పను. ఆవిడే నా మోచెయ్యి పట్టుకుని నడిపించింది. మేనేజరు ముందుగా, ఇది ఇంకెవరికైనా తెలుసా అని అడిగాడు. ఆ తర్వాత గోడ గడియారం చూశాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది, ఎవరూ ఫోనెత్తరు. ఫ్యాక్సు పంపి సాయంత్రం దాకా ఆగాలన్నాడు. రెండింటికి మా డ్యూటీ అయిపోయింది, వ్యాను వెళ్లిపోయింది. సిస్టరమ్మ వెళ్లలేదు. తన డబ్బాలో మిగిలిన జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. బయట బండలు మోసే లారీలు పోతూనే ఉన్నాయి. ఆ నాలుగైదు గంటలూ ఆవిడ నాకు ఒక్క వాక్యం చెప్పలేదు, అంతా మంచికే జరుగుతుందని అనలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. దగ్గరగా వింటే, రిపోర్టు మీదున్న ఆ పేరు.

సాయంత్రం ఫోను కలిసింది. అవతలివాళ్లు సరే, సరిచేస్తాం అన్నారు. ఆవిడెలా ఉందో అడగండి సార్ అని నేను బతిమాలితే మేనేజరు అడిగాడు కూడా. పేషెంట్ల సంగతులు బయటివాళ్లకు చెప్పం అన్నారట. పొద్దుటిదాకా ఆవిడ రక్తపోటు ఎంతో, పిల్లలెందరో అంతా మా చెవిలో చెప్పినవాళ్లే. సాయంత్రానికి మేం బయటివాళ్లమైపోయాం. అంతే, ఆ తర్వాత ఈ రోజు వరకు ఏ కబురూ లేదు.

ఉద్యోగం పీకలేదు, పర్మనెంటూ చేయలేదు. నేనే ఏడాది తిరక్కుండా మానేసి, బాచుపల్లిలో ఒక బడిలో జీవశాస్త్రం చెప్పడానికి కుదిరాను. నాన్నకు జరిగిందంతా ఉత్తరం రాశాను. ఆయన ఆ తర్వాతి ఆదివారం మందిరంలో మళ్లీ లేచి నిలబడి, మావాడు తప్పు చేసి ఒప్పుకున్నాడు, స్తోత్రం అన్నాడట. మొదటి సాక్ష్యానికి చప్పట్లు కొట్టినవాళ్లు రెండోదానికి ఏమనాలో తెలియక ఊరుకున్నారని అమ్మ చెప్పింది.

ఆ వారం నుంచి సిస్టరమ్మ పొద్దుటి ప్రార్థనలో ఆ పేరు చేరింది. ఆవిడ ప్రార్థనలో విశేషాలేమీ ఉండవు. చాయ్ తాగేముందు పేర్లు ఒకటి తర్వాత ఒకటి చెప్పుకుంటుంది, అంతే. నాగలి కర్రు రైతు పేరు, ఆయన భార్య పేరు, తర్వాత ఆ అమెరికా ఆవిడ పేరు. ఆమెను బతికించు ప్రభువా అనే అడిగేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఏం జరిగినా అది ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది కదండీ, ఇప్పుడు అడిగితే ఏం మారుతుంది అని. "నిన్నటిది నీకు నిన్న. ఆయనకు గాదు" అంది. దాని మీద నేను చాలా ఏళ్లు ఆలోచించాను. నమ్మిన రోజులున్నాయి, నమ్మని రోజులే ఎక్కువ.

ఆవిడ బాచుపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని అక్క కూతురి ఇంటి పక్కనే ఉండేది. నెలకోసారి వెళ్లేవాణ్ని. రిపోర్టు మీద పుట్టినరోజు కూడా ఉంటుంది కదా, ఆ తారీఖు వస్తే సేమ్యా పాయసం చేసేది. "ఇయ్యాల ఆమెకు నలబై నిండినయి" అని గిన్నె నా ముందు పెట్టేది. తర్వాత నలభై ఐదు, యాభై. బతికి ఉన్న మనిషికి పుట్టినరోజు చేస్తున్నామో, చచ్చిపోయిన మనిషి వయసు లెక్కపెడుతున్నామో తెలియదు. ఆ పాయసం నేను గుటకలు గుటకలుగా మింగేవాణ్ని. పోయినేడు అరవై.

ఇంటర్నెట్‌లో వెతికితే దొరకదా అని మీరు అడగొచ్చు. ఒకసారి బడి కంప్యూటర్ గదిలో సగం పేరు టైపు చేశాను. మిగతా సగం కొట్టడానికి వేలు రాలేదు, కంప్యూటరు ఆపేసి క్లాసుకు వెళ్లిపోయాను. తెలియకపోవడమే నరకం అనుకునేవాణ్ని, తెలుసుకోవడం అంతకంటే భయమని ఆ రోజు అర్థమైంది. అసలు ఈ పాతికేళ్లలో ఆ పేరు నా నోటితో ఒక్కసారీ పలకలేదు. సిస్టరమ్మ పలుకుతుందిలే అని ఊరుకున్నాను. ప్రార్థనలో ఆ చోటుకు రాగానే నేను దాటేసేవాణ్ని. ఒకసారి పెడలుతో చేసిన పనే రోజూ చేస్తున్నానని తెలుస్తూనే ఉండేది. ఊపిరి చప్పుడు మాత్రం నన్ను వదల్లేదు. బడిలో మైకు ముందు హెడ్మాస్టరు మాట మొదలుపెట్టేముందు, బస్సులో పక్కవాడు నిద్రలో కదిలినప్పుడు, అది వినిపించి నా కాలు దానంతటది బిగుసుకునేది.

చివరి ఆరు నెలలూ సిస్టరమ్మకు మతి చెదిరింది. నన్ను చూసి, డాక్టరమ్మ పంపిందా అని అడిగేది. చిన్నప్పటి నుంచి ఎత్తుకుని పెంచిన అక్క కూతురి పేరే మరిచిపోయింది. ఇదంతా నాకు తెలుసు. తెలియనిది మొన్న శుక్రవారం పొద్దున తెలిసింది. శవపెట్టె మూసేముందు ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "అన్నా, అన్ని మర్చిపొయ్యింది గని ఒక్క పేరు మాత్రం రోజు చాయ్ ముంగట అంటుండె. గా ఇంగ్లీషు పేరామె ఎవరు? మనోళ్లేనా?" అని అడిగింది. మనవాళ్లే అన్నాను.

బాచుపల్లి దాటాక ఒక గుట్ట వెనక సమాధుల స్థలం ఉంది. కింద అంతా బండే, మిషను పెట్టి గొయ్యి తొలిచారు. పైన కప్పడానికి ఎర్రమట్టి ఎక్కడినుంచో ట్రాక్టరులో తెప్పించారు. పాస్టరు అయ్యగారు కొత్తగా వచ్చిన చిన్నవాడు, కోస్తా మనిషి. ప్రార్థన అయ్యాక, దగ్గరివాళ్లు వచ్చి మట్టి వేయండి, రాలేనివాళ్ల తరఫున కూడా వాళ్ల పేరు చెప్పి వేయండి అన్నాడు. అక్క కూతురు తన చేత్తో ఒక పిడికెడు, దుబాయిలో ఉన్న తమ్ముడి పేరు చెప్పి ఇంకో పిడికెడు వేసింది. నా వంతు వచ్చింది. నాది వేశాను. వెనక్కి తిరగాల్సినవాణ్ని, మళ్లీ వంగి ఇంకో పిడికెడు తీసుకున్నాను.

తీసుకున్నాక భయం పట్టుకుంది. రాలేని మనిషి తరఫున వేయడమంటే, ఆ మనిషి బతికి ఉందని నలుగురి ముందు సాక్ష్యం చెప్పడమే. ఉందో లేదో నాకు తెలియదు. పారలు పట్టుకున్నవాళ్లు నా వైపే చూస్తున్నారు. సిస్టరమ్మ పాతికేళ్లు రోజూ ఏం చేసిందో నాకప్పుడు అర్థమైంది. ఆ పేరు గట్టిగానే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మట్టి పెట్టె మీద పడింది.

ఆ పేరు ఇక్కడ రాయను, అది ఆమె సొంతం. అయ్యగారు మాత్రం దాన్ని విని, కుటుంబంలో ఎవరో అనుకున్నాడు. ముగింపు ప్రార్థనలో వరసగా అందరి పేర్లూ చెబుతూ, దూరంలో ఉండి ఈ దుఃఖం మోస్తున్న ఆ సహోదరిని కూడా ఆదరించుము తండ్రీ అని ఆమె పేరు కూడా చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

అయ్యాక గేటు దగ్గర డ్రమ్ములో నీళ్లు పెట్టారు. చేతులు కడుక్కోవడానికి అందరం వరసలో నిలబడ్డాం. నా ముందున్న అయ్యగారు తన చేతులు కడుక్కుని, చెంబు ముంచి నా చేతుల మీద నీళ్లు పోస్తూ, మర్యాద కోసం అడిగాడు.

"ఇందాక మీరు పేరు చెప్పారే, ఆవిడ బాగున్నారా అండీ?"

ఎర్రనీళ్లు నా వేళ్ల సందుల్లోంచి కారి బండ మీదుగా పోతున్నాయి. అవి తేటగా అయ్యేదాకా ఆయన పోస్తూనే ఉన్నాడు, నేను చేతులు పట్టుకునే ఉన్నాను.